పన్ను నొప్పి తగ్గిందంటే పన్ను బాగైనట్లేనా?



పంటి బాధ ఉన్నవారు మా ఓ.పి.లో రెండు రకాలుగా కనిపిస్తారు. మొదటి రకం వారు రాత్రంతా నిద్ర లేక, చెంపకు తువ్వాలు చుట్టుకొని, తెల్లవారకముందే వచ్చి గేటు దగ్గర కూర్చుంటారు. రెండవ రకం వారు పంటి కోసం రారు. జ్వరానికో, బి.పి. చూపించుకోవడానికో వస్తారు. నోరు తెరవమన్నప్పుడు నల్లగా గుల్లబారిన దవడ పన్ను ఒకటి కనిపిస్తుంది. ఇదేమిటని అడిగితే, "అది పోయినేడు మస్తు సతాయించింది సిస్టరమ్మా, ఇప్పుడేం లేదు, దానంతటదే మంచిగైంది" అంటారు. మాకు మొదటి రకం వారిని చూస్తే జాలి వేస్తుంది. భయం వేసేది ఈ రెండవ రకం వారిని చూసినప్పుడే.

ఎందుకు భయమో చెప్పాలంటే పన్ను లోపల ఏముందో ముందు చెప్పాలి. పన్ను అంటే నోటిలో పాతిన తెల్లరాయి అని చాలామంది అభిప్రాయం. రాయి అయితే చల్లనీళ్లకు జివ్వుమని ఎందుకు లాగుతుంది? పన్ను బ్రతికి ఉన్న అవయవం. దానికి రక్తం ఉంది, నరం ఉంది, తనను తాను కాపాడుకునే పనివాళ్లు ఉన్నారు. అయితే ఇవన్నీ లోపల ఉంటాయి. మనకు కనిపించేది పై గచ్చు మాత్రమే.

ఆ గచ్చు పేరు ఎనామిల్. బడి పుస్తకాలలో పింగాణి పొర అని చదువుకున్నది ఇదే. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇది. దీని బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. ఇందులో జీవకణాలు లేవు, నరాలు లేవు, రక్తం లేదు. కనుక పుచ్చు ఈ పొరలో ఉన్నంత వరకు మనకు ఏమీ తెలియదు. మొదట తెల్లటి మచ్చలాగ మెత్తబడినప్పుడు లాలాజలంలోని ఖనిజాలు, టూత్‌పేస్టులోని ఫ్లోరైడ్ దానిని మళ్లీ గట్టిపరచగలవు. ఒకసారి గుంట పడిన తరువాత మాత్రం అది తనంతట తాను పూడదు.

ఎనామిల్ కింద ఉన్నది డెంటిన్. పన్నులో ఎక్కువ భాగం ఇదే. రంగు లేత పసుపు. ఇందులో ఖనిజం సుమారు 70 శాతం, నీరు సుమారు 10 శాతం, మిగిలినది ఎక్కువగా కొల్లాజెన్ అనే నారలాంటి మాంసకృత్తు. ఆ నార ఉండడం వల్లనే డెంటిన్‌కు కొంచెం ఓర్చుకునే గుణం వచ్చింది. గోడ మీది సున్నపు గచ్చు గట్టిదే గాని వెనుక గోడ లేకపోతే పెచ్చులుగా రాలిపోతుంది గదా! అలాగే ఎనామిల్ ఎంత గట్టిదైనా కింద డెంటిన్ ఆధారం లేకపోతే ఒక జొన్నరొట్టె ముక్క నమిలినా విరుగుతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్న పన్ను అన్నంలో రాయి తగలగానే సగం ఊడి చేతికి వచ్చిందని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ పన్ను నిన్నటి వరకు బాగా లేదు. లోపల గోడ ఎప్పుడో పోయింది, నిన్న గచ్చు రాలింది, అంతే.

డెంటిన్‌లో అందరూ తెలుసుకోవలసిన విశేషం ఒకటి ఉంది. అది ముద్దగా ఉండే గట్టి పదార్థం కాదు. తాటి మొద్దును అడ్డంగా కోసినప్పుడు నారల చుక్కలు కిక్కిరిసి కనిపిస్తాయి చూడండి, డెంటిన్‌ను సూక్ష్మదర్శిని కింద చూస్తే అలాగే సన్నని గొట్టాల నోళ్లు కనిపిస్తాయి. పన్ను నడిమికి దగ్గరగా ఒక్క చదరపు మిల్లీమీటరు చోటులో ఇవి 45,000కు పైగా ఉంటాయి. బయటి వైపుకు వచ్చే కొద్దీ దూరదూరంగా, మరీ సన్నగా అవుతాయి. ప్రతి గొట్టంలోనూ నీరులాంటి ద్రవం నిండి ఉంటుంది. ఈ గొట్టాల లోపలి కొసలు చేరేది పన్ను నడుమ ఉన్న చిన్న గదికి. ఆ గదిలో ఉండే మెత్తని గుజ్జు పేరు పల్ప్.

పల్ప్‌ను మనవాళ్లు "నరం" అంటారు. "నరం తీయించుకున్న" అనడం వినే ఉంటారు. నిజానికి అందులో నరమొక్కటే కాదు, రక్తనాళాలు, రోగనిరోధక కణాలు, మెత్తని కండలాంటి పదార్థం కూడా ఉంటాయి. ఇవన్నీ వేరు చివర ఉన్న రంధ్రం గుండా లోపలికి వస్తాయి. పెద్దవారి పన్నులో ఆ ముఖ్య రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. పల్ప్ గోడ పొడుగునా ఒడాంటోబ్లాస్టులు అనే కణాలు వరుసగా నిలబడి ఉంటాయి. ఇవే డెంటిన్‌ను కట్టే మేస్త్రీలు. ఒక్కొక్క మేస్త్రీ తన చేతిలాంటి సన్నని పోగును ఒక్కొక్క గొట్టంలోకి చాచి ఉంచుతాడు. కనుక డెంటిన్, పల్ప్ రెండు వేరు వేరు వస్తువులని అనుకోకూడదు. డెంటిన్‌ను తాకితే పల్ప్‌ను తాకినట్లే.

ఈ మేస్త్రీలు పన్ను మొలిచిన తరువాత కూడా పని మానరు. జీవితమంతా లోపలి వైపు కొంచెం కొంచెంగా డెంటిన్ వేస్తూనే ఉంటారు. అందుకే వయసు పెరిగే కొద్దీ పల్ప్ గది ఇరుకవుతుంది. ముసలివారి పళ్లు పసుపుగా కనబడడానికి కూడా ఇదొక కారణం. పైన ఎనామిల్ అరిగి పలుచబడుతుంది, కింద డెంటిన్ మందమవుతుంది, దాని రంగు బయటికి కనిపిస్తుంది. పసుపు పళ్లన్నీ మురికి పళ్లు కావు. తెల్లగా చేస్తామని చెప్పే పొడులన్నిటికీ డబ్బులు పెట్టే ముందు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇక చల్లనీళ్లకు జివ్వుమనడం గురించి. ఎనామిల్ అరిగినా, పుచ్చినా, చిగురు కిందికి జారి వేరు బయటపడినా డెంటిన్ గొట్టాల నోళ్లు తెరుచుకుంటాయి. చల్లదనం, తీపి, గాలి తగిలినప్పుడు గొట్టాలలోని ద్రవం కదులుతుంది. ఆ కదలిక లోపలి కొసన ఉన్న నరాన్ని లాగుతుంది. దీనిని స్వీడన్ దేశపు దంత శాస్త్రవేత్త బ్రాన్‌స్ట్రామ్ 1960లలో ప్రయోగాలతో వివరించాడు, ఇప్పటికీ వైద్యులు ఎక్కువగా అంగీకరించే వివరణ అదే. ఇంకొక సంగతి. వేలిని తాకితే వేడా, చల్లనా, మొనదేలినదా అని చర్మం విడివిడిగా చెబుతుంది. పల్ప్‌కు ఇన్ని మాటలు రావు. దానికి తెలిసిన ముఖ్యమైన మాట ఒక్కటే, నొప్పి.

ఆ మాటను మనం ఎప్పుడు వింటున్నాము అన్నదే మా అభిప్రాయంలో అసలు విషయం.

పుచ్చు డెంటిన్‌ను చేరినప్పుడు అక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పుచ్చు పక్కలకు వేగంగా పాకుతుంది, ఎందుకంటే ఎనామిల్‌ను కరిగించలేని పలుచని పులుపు కూడా డెంటిన్‌ను కరిగించగలదు. గుమ్మిలో ఎలుక పడినట్లు ఉంటుంది. బయట చూస్తే వేలు దూరనంత కలుగు, లోపల చూస్తే వడ్లు సగం ఖాళీ. "చిన్న చుక్కే గదా" అని అద్దంలో చూసుకొని ఊరుకునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. అదే సమయంలో లోపలి మేస్త్రీలు మేలుకుంటారు. చెరువు కట్ట బయటి వైపు కోసుకుపోతుంటే లోపలి వైపు మట్టి వేసినట్లు, పుచ్చు ఎదురుగా కొత్త డెంటిన్ కడతారు. పుచ్చు నెమ్మదిగా వస్తే వీళ్లు గెలవవచ్చు. డాక్టరు గారు సకాలంలో పుచ్చును తీసి సిమెంటు నింపితే తప్పక వీళ్ల పని సులువవుతుంది.

ఈ దశలో ఉన్న నొప్పికి గుర్తు ఏమిటంటే, చల్లనిది, తీపిది తగిలినప్పుడు చురుక్కుమంటుంది, అది తీసివేయగానే పోతుంది. ఇదే రావలసిన సమయం. పల్ప్ బ్రతికే ఉంది, ఒక ఫిల్లింగ్‌తో పన్ను ఏళ్ల తరబడి నిలుస్తుంది. కాని ఈ దశలో వచ్చేవారు బహు తక్కువ. ఐస్‌క్రీం మానేస్తారు, రెండవ వైపు నములుతారు, నాట్లు అయిపోనీ అంటారు, పత్తి ఏరడం అయిపోనీ అంటారు.

తరువాతి దశలో చల్లనిది తీసివేసినా నొప్పి నిమిషాల తరబడి గుంజుతుంది. ఏమీ తాకకపోయినా వస్తుంది. పడుకోగానే ఎక్కువవుతుంది. పడుకుంటే నొప్పి ఎందుకు పెరగాలి? చేతికి దెబ్బ తగిలితే వాపు వస్తుంది, చర్మం సాగి దానికి చోటిస్తుంది. పల్ప్‌కు ఆ అదృష్టం లేదు. నలువైపులా గట్టి డెంటిన్ గోడలు, కింద సూది మొనంత ద్వారం. వాచడానికి చోటు లేదు. లోపల ఒత్తిడి పెరిగి నరాన్ని నొక్కుతుంది. తల వాల్చినప్పుడు తలకు రక్తం ఎక్కువ చేరుతుంది గనుక ఆ ఒత్తిడి ఇంకా హెచ్చుతుంది. కొందరికి వేడి చాయ్ తగిలితే ప్రాణం పోయినట్లుండి, చల్లనీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. అలా ఉంటే పల్ప్ చాలా వరకు కోలుకోలేని స్థితికి వచ్చినట్లే.

ఆ తరువాత ఒక రోజు నొప్పి ఆగిపోతుంది. పల్ప్ చచ్చిపోయింది. చచ్చినవాడు అరవడు గదా! మా రెండవ రకం వారు "మంచిగైంది" అనేది దీనినే. ఇప్పుడు ఆ గదిలో కుళ్లిన పదార్థం, దానిని తిని పెరిగే సూక్ష్మక్రిములు మాత్రమే ఉన్నాయి. అవి వేరు చివరి రంధ్రం గుండా దవడ ఎముకలోకి దిగుతాయి. నెలలు గడవవచ్చు, ఏళ్లు గడవవచ్చు. ఒక రోజు చిగురు మీద చిన్న పొక్కు లేచి చీము కారుతుంది, లేదా చెంప ఉబ్బుతుంది. షుగరు ఉన్నవారికి ఇది తొందరగా ముదురుతుంది, షుగరు కూడా అదుపు తప్పుతుంది. కీళ్లవాతపు జ్వరంతో గుండె కవాటాలు చెడినవారికి, కవాటం మార్పించుకున్నవారికి పంటి క్రిములు రక్తంలో చేరి గుండెకు పట్టుకునే ప్రమాదం ఉంది. దవడ కింద, నాలుక కింద రెండు వైపులా గట్టిగా వాపు వచ్చి, మింగడం కష్టమై, మాట మారి, జ్వరం ఉంటే ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచవద్దు. ఊపిరి దారి మూసుకుపోతుంది. అర్ధరాత్రి అయినా పెద్దాసుపత్రికి తీసుకొని పోవాలి. పంటి నొప్పితో మనిషి చనిపోతాడా అని నవ్వేవారు ఉన్నారు, అలాంటి కేసును ఒక్కసారి చూసినవారు నవ్వరు.

నొప్పిని కప్పిపుచ్చే పనులు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. వాటిలో అన్నిటినీ మేము ఒకే గాటన కట్టము. లవంగ నూనెకు నిజంగానే తిమ్మిరి పుట్టించే గుణం ఉంది. అందులోని యూజినాల్‌ను దంత వైద్యులు కూడా తాత్కాలిక సిమెంటులో వాడుతారు. కనుక రాత్రి గడవడానికి దూదితో కొంచెం అద్దుకుంటే తప్పు పట్టము, తెల్లవారి ఆసుపత్రికి వస్తే చాలు. తంబాకు కుక్కుకోవడం మాత్రం ఒక నొప్పి పోగొట్టుకోవడానికి ఇంకొక రోగం తెచ్చుకోవడమే. ఆస్పిరిన్ బిళ్లను పన్ను పక్కన పెట్టుకొని పడుకుంటారు కొందరు, దానితో చిగురు, చెంప లోపలి చర్మం కాలి తెల్లగా ఊడి వస్తాయి. ఆ బిళ్ల పని చేసేది మింగినప్పుడే.

వాకుడు గింజల పొగ పట్టించి "పన్ను పురుగులు" రాల్చే వైద్యం గురించి పెద్దవాళ్లు ఇంకా అడుగుతుంటారు. పంటిలో పురుగు ఉంటుందన్న నమ్మకం మన ఒక్క దేశానిదే కాదు, బబులోను నాటి నుండి ప్రపంచమంతా ఉంది. ఫ్రాన్సు దేశపు దంత వైద్యుడు పియెర్ ఫోషార్ 1728లో అచ్చు వేయించిన తన గ్రంథంలో ఈ నమ్మకాన్ని తోసిపుచ్చాడు. పొగలో పడే తెల్లని సన్న పురుగుల వంటివి వేడికి పగిలిన గింజల లోపలి మొలకలు. పన్నులో ఉన్నవి కంటికి కనబడని సూక్ష్మక్రిములు, అవి పొగకు రాలవు.

మెడికల్ షాపులో "పంటి నొప్పికి" అని అడిగి రెండు నొప్పి గోలీలు, రెండు యాంటిబయాటిక్ గోలీలు తెచ్చుకోవడం అన్నిటికంటే పెద్ద అలవాటు. మందు శరీరమంతా తిరిగేది రక్తం ద్వారా. చచ్చిన పల్ప్‌లోకి రక్తమే పోదు, మందు ఎలా పోతుంది? చుట్టుపక్కల వాపు తగ్గవచ్చు, మూలం అలాగే ఉంటుంది. వాపు, జ్వరం ఉన్నప్పుడు డాక్టరు గారు యాంటిబయాటిక్ రాస్తారు, అది వేరు మాట. రెండు గోలీలతో సగం మాని, మళ్లీ రెండు నెలలకు మళ్లీ రెండు వేసుకుంటే క్రిములు మందుకు అలవాటు పడతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పల్ప్‌కు తాను ఎక్కడ ఉన్నదీ సరిగా చెప్పడం రాదు. పై పన్ను నొప్పి కింద పన్నులో ఉన్నట్లు, దవడ పన్ను నొప్పి చెవిలో ఉన్నట్లు తోస్తుంది. అందుకే "ఈ పన్నే, పీకేయండి" అని రోగి వేలు పెట్టి చూపినా డాక్టరు గారు తట్టి, చల్లదనం పెట్టి, ఎక్స్‌రే తీసి గాని తేల్చరు. తొందరపడి మంచి పన్ను పోగొట్టుకున్నవారు ఉన్నారు. అలాగే నడిచినప్పుడు, బరువు ఎత్తినప్పుడు కింది దవడ గుంజి, కూర్చుంటే తగ్గితే, చెమటలు పోస్తే, అది పన్ను కాకపోవచ్చు, గుండె కావచ్చు. అప్పుడు పంటి డాక్టరు దగ్గరికి కాదు, వెంటనే ఇ.సి.జి. తీసే చోటికి రావాలి.

మన ప్రాంతంలో పంటి మాట వస్తే ఫ్లోరైడ్ మాట రాకుండా ఉండదు. సూర్యాపేట 2016లో వేరు జిల్లా అయింది గాని అంతకుముందు మన తిరుమలగిరి నల్గొండ జిల్లాలోనిదే. ఆ పేరు చెప్పగానే బయటివారు మన పళ్ల వంక చూసేవారు. తెలుగు నేల మీద ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1970లలో నాగపూరులోని నీరి సంస్థ వారు పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాలలో కూడా దానిని ఆ పేరుతోనే వాడారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఎముకలు వంగిపోయినవారి బాధ మనకందరికీ తెలుసు. 2016లో మిషన్ భగీరథ మొదలైన తరువాత నది నీళ్లు ఇళ్లకు వచ్చాయి.

అయితే ఈ చరిత్ర మన మనసులో ఒక తప్పు అభిప్రాయాన్ని మిగిల్చిందని మాకు అనిపిస్తుంది. పంటి మీద ఏ మచ్చ ఉన్నా, ఏ పన్ను చెడినా "ఫ్లోరైడ్ నీళ్లమ్మా, ఏం చేస్తం" అని చేతులు దులుపుకుంటున్నారు. ఫ్లోరైడ్ మరకలు పళ్లు దవడలో తయారవుతున్న చిన్నతనంలోనే పడతాయి, సుమారు ఎనిమిదేళ్ల లోపు. ఎడమ, కుడి రెండు వైపులా ఒకే జత పళ్ల మీద తెల్లని గీతలుగా, గోధుమ రంగు చారలుగా ఉంటాయి. ఒక్క పన్ను మీద, గుంటతో, మెత్తగా ఉన్న నల్ల మచ్చ ఫ్లోరైడ్ కాదు, పుచ్చు. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ ఊరిలో ఇలాంటి గోధుమ మరకలను 1901 నుండి గమనిస్తూ వచ్చిన ఫ్రెడరిక్ మెక్కే అనే దంత వైద్యునికి ఆ మరకల పళ్లు తక్కువగా పుచ్చుతున్నాయని అర్థమైంది. దానికి నీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో తేలింది. ఫ్లోరైడ్ మరీ ఎక్కువైనప్పుడు మాత్రం ఎనామిల్ గుల్లగా తయారై, పెచ్చులూడి, డెంటిన్ బయటపడుతుంది.

మరక కంటే మరక పోగొట్టుకునే ప్రయత్నమే మన దగ్గర ఎక్కువ చేటు చేస్తున్నది. పెండ్లి చూపులకు ముందు ఆడపిల్లలు, ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చిన మగపిల్లలు ఇటుక పొడితో, బొగ్గుతో, బూడిదలో ఉప్పు కలిపి, గట్టి బ్రష్షుతో రంపం కోసినట్లు అడ్డంగా రుద్దుతారు. మరక ఎనామిల్ లోపల ఉంది, పైన అంటుకున్నది కాదు, రుద్దితే పోదు. పోయేది ఎనామిల్. ముఖ్యంగా చిగురు దగ్గర, అక్కడ ఎనామిల్ పలుచగా ఉంటుంది. గొడ్డలితో నరికినట్లు గాట్లు పడి, డెంటిన్ బయటపడి, గాలి పీల్చినా జివ్వుమంటుంది. ఆ మరకలను దంత వైద్యులు పలుచగా పాలిష్ చేసి గాని, పైన పంటి రంగు పూత వేసి గాని కప్పగలరు. ఆ పని చేయించుకోలేకపోయినా మరక పన్నుతో నూరేళ్లు బ్రతకవచ్చు. పెండ్లి సంబంధాలు చూసే పెద్దలకు మా మనవి ఒకటే, పిల్ల పంటి మరకను చూసి వంక పెట్టవద్దు. ఆ పిల్ల ఏ ఊరి నీళ్లు తాగి పెరిగిందో అది చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు.

ఫ్లోరైడ్ పేస్టు వాడవచ్చా అని తల్లులు అడుగుతారు. నల్లా ద్వారా వచ్చే నది నీళ్లు తాగే ఇళ్లలో వాడాలి. మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, తరువాత ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మించాలి. పొలం కాడ, బావి కాడ ఇంకా పాత బోరు నీళ్లే తాగే కుటుంబాలు ఆ నీళ్లను పరీక్ష చేయించి, డాక్టరు గారిని అడిగి వాడడం మంచిది. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు.

"పాల పళ్లే గదా, ఊడిపోయేవే" అనే మాట మాకు ఎప్పుడూ కోపం తెప్పిస్తుంది. పాల పళ్లు 20. వాటిలోనూ డెంటిన్ ఉంది, పల్ప్ ఉంది. పైగా గోడలు పలుచన, గది పెద్దది. కనుక పుచ్చు పల్ప్‌ను చేరడానికి పెద్దవారిలో కంటే తక్కువ సమయం పడుతుంది. వెనుక పాల దవడ పళ్లు పది, పన్నెండేళ్ల వరకు ఉండవలసినవి. వాటి వేరు కింద చీము చేరితే అక్కడే తయారవుతున్న అసలు పన్నుకు దెబ్బ తగులుతుంది. ముందుగా ఊడితే పక్క పళ్లు జరిగి దారి మూస్తాయి, తరువాతి పళ్లు వంకరగా వస్తాయి. ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను ఏ పాల పన్నునూ తోసి రాదు, చివరన వస్తుంది. అది కూడా పాల పన్నే అనుకొని పుచ్చనిస్తారు. పాల సీసాలో చక్కెర పాలు పోసి నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటు ముందు పళ్లను రెండేళ్లకే తినేస్తుంది.

సందర్భం వచ్చింది గనుక సండే స్కూల్ టీచర్లకు కూడా ఒక మాట. వాక్యం కంఠస్థం చెప్పిన ప్రతి పిల్లకు ఒక చాక్లెట్ ఇవ్వడం మన సంఘాలలో ఆచారమైపోయింది. అంటుకుపోయే తీపి పంటి సందులలో గంటల తరబడి ఉంటుంది. దేవుని వాక్యం నేర్చుకున్నందుకు పన్ను పుచ్చుట న్యాయం కాదు! పెన్సిలు ఇవ్వండి, జామకాయ ఇవ్వండి, వేయించిన పల్లీలు ఇవ్వండి. క్రిస్మస్ కేకు మేము మానమనము. అన్నంతో పాటు తిని, నోరు పుక్కిలిస్తే చాలు. ఎంత తీపి తిన్నాము అన్నదానికంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నాము అన్నదే పంటికి ముఖ్యం.

పీకించడమా, కాపాడుకోవడమా అన్న ప్రశ్నలో డబ్బు సంగతి దాచవలసిన పని లేదు. రూట్ కెనాల్ అంటే చెడిన పల్ప్‌ను తీసి, వేరు గొట్టాలను శుభ్రం చేసి, నింపి, పైన క్యాప్ వేయడం. రెండు, మూడు సార్లు రావాలి, కూలి పోతుంది, ఖర్చు పీకడం కంటే చాలా ఎక్కువ. పల్ప్ తీసిన పన్ను నొప్పి చెప్పలేదు గాని వేరు చుట్టూ ఉన్న ఆధారం బ్రతికే ఉంటుంది, నమలడానికి పనికి వస్తుంది. క్యాప్ ఖర్చు చూసి మానేసినవారికి ఆ పన్ను చాలాసార్లు విరిగిపోతుంది. లేనివారు పీకించుకుంటే మేము నిందించము. ఒక ఫిల్లింగ్‌తో పోయే పనిని అక్కడిదాకా తెచ్చుకోవద్దనే మా పోరు. ప్రభుత్వ పెద్దాసుపత్రులలో దంత విభాగాలు ఉన్నాయి, నార్కట్‌పల్లిలో దంత వైద్య కళాశాల ఉంది, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కళాశాలలలో ఖర్చు బయటికంటే తక్కువ.

సామెతల గ్రంథము 25వ అధ్యాయములో, కష్టకాలంలో నమ్మకం లేనివానిని నమ్ముకొనుటను విరిగిన పంటితో పోల్చారు. ఆ పోలిక రాసినవారికి పంటి నొప్పి తెలిసే ఉంటుందని మేము నర్సులము అనుకుంటుంటాము.

దెబ్బ తగిలి పన్ను మొత్తం ఊడి పడడం కూడా ఇప్పుడు ఎక్కువైంది, బండి మీద నుండి పడేవారు, క్రికెట్ బంతి తగిలేవారు. శాశ్వత పన్ను అయితే వేరు పట్టుకోకుండా పై భాగం పట్టుకొని తీయండి, మట్టి ఉంటే పాలతో తేలికగా కడగండి, రుద్దవద్దు, గుడ్డలో చుట్టవద్దు. వీలైతే ఆ గుంటలోనే తిరిగి పెట్టండి, లేదా చల్లని పాలలో వేసి అరగంట, గంట లోపల దంత వైద్యుని దగ్గరికి చేర్చండి. వేరు ఇంకా పూర్తిగా తయారు కాని చిన్న పిల్లల పన్నులో కింది ద్వారం పెద్దగా ఉంటుంది గనుక పల్ప్‌కు మళ్లీ రక్తం అందే అవకాశం ఉంది. పాల పన్ను ఊడితే తిరిగి పెట్టకూడదు.

గర్భిణీ స్త్రీలకు పంటి వైద్యం చేయించకూడదన్నది పాత భయం. పుచ్చు పన్నుతో, చీముతో తొమ్మిది నెలలు గడపడమే తల్లికి కష్టం. నాలుగు నుండి ఆరు నెలల మధ్య కుర్చీలో కూర్చోవడం సులువు, కాని వాపు, నొప్పి ఉంటే ఏ నెలలో అయినా చూపించుకోవాలి, గర్భంతో ఉన్న సంగతి మొదటే చెప్పాలి. గుండెకు రక్తం పలుచబరిచే గోలీలు వాడేవారు, కవాట రోగులు, షుగరు ఉన్నవారు తమ మందుల చీటీ వెంట తెచ్చుకోవాలి. పన్ను తీయించుకోవడానికని రక్తం పలుచబరిచే గోలీలను ఇంటి దగ్గరే మానేసి రావద్దు, అది మీ గుండె డాక్టరు గారు, దంత వైద్యులు మాట్లాడుకొని చెప్పవలసిన విషయం.